ఎవరి వంతు? ఎంత వంతు?

తెలుగులో వంతు అన్న మాటకి రెండు అర్థాలున్నాయి. రేషన్ షాపు ముందు నిలబడి "మన వంతు ఎప్పుడొస్తుందో" అంటే అది వరస. "అక్క పెళ్లి ఖర్చులో నా వంతు నేనిచ్చాను" అంటే అది వాటా. ఈ రెండర్థాలూ ఒకే మాటలోకి ఎలా వచ్చాయో నిఘంటుకారులు చెప్పాలి. వాటి మధ్య సంబంధం ఏమై ఉంటుందన్న ఆలోచన మాత్రం నాకు ఒక అనుకోని చోట, ఎలక్ట్రిక్ కార్లు చార్జ్ చేసుకునే చోట, మొదలైంది.

నేను ఉద్యోగం చేసేది చెన్నైలో, సొంతవూరు నెల్లూరు వైపు. మధ్యలో 16వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 175 కిలోమీటర్లు. కృష్ణపట్నం పోర్టుకి తిరిగే ప్రాంతంలో కొత్తగా ఒక ఫాస్ట్ చార్జింగ్ స్టేషన్ తెరిచారు. గత కొన్ని నెలల్లో అయిదారుసార్లు అక్కడ ఆగాను. ఆగిన ప్రతిసారీ చేసే పనేమీ ఉండదు కనక అక్కడి మనుషుల్ని చూస్తూ, వాళ్లతో మాట్లాడుతూ గడిపాను. అందరికీ చెందిన ఒక వస్తువుని మనం కాసేపు మన కోసం తీసుకుంటే ఎవరికి ఏం బాకీ పడతాం? ఆ మాటల్లోంచి తేలిన ప్రశ్న ఇది.

ఎలక్ట్రిక్ కారు లేనివాళ్ల కోసం అక్కడ జరిగేదేమిటో ముందు చెప్పాలి. పెట్రోలు బంకులో మూడు నిమిషాల్లో అయిపోయే పనికి ఇక్కడ ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. ఉన్నది 60 కిలోవాట్ల యంత్రం, దానికి రెండు గన్నులు. ఒక్క కారే ఉంటే అరవై మొత్తం దానికే. రెండో కారు వచ్చి గన్ తగిలించగానే చెరి ముప్పై. అంటే పక్కకి ఇంకో మనిషి రావడమంటేనే మన ప్రయాణం ఆలస్యమవడం. పెట్రోలు బంకులో పక్క పంపు దగ్గర ఎవరున్నారో మనం పట్టించుకోం. ఇక్కడ పట్టించుకోక తప్పదు.

రెండో సంగతి బ్యాటరీ స్వభావం. లిథియం అయాన్ బ్యాటరీ మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగంతో నిండదు. బస్టాండులో ఖాళీ ఆర్టీసీ బస్సు వచ్చి ఆగితే మొదటి ముప్పైమంది నిమిషంలో కూర్చుంటారు. చివరి నలుగురైదుగురికి మాత్రం ఎక్కడ సందుందో వెతుక్కునేసరికి బస్సు బయల్దేరే వేళవుతుంది. బ్యాటరీ కూడా అంతే. సుమారు 80 శాతం దాటాక కారే తనకిచ్చే కరెంటుని తగ్గించమంటుంది. చివరి ఇరవై శాతానికి పట్టే సమయం, కొన్ని కార్లలో అంతకుముందు నింపిన సగం బ్యాటరీకి పట్టిన సమయమంత ఉంటుంది. అందుకని వాడుకలో ఒక అలిఖిత నియమం ఏర్పడింది: వెనక ఎవరన్నా ఉంటే ఎనభైకి గన్ తీసెయ్యాలి.

ఈ నియమాన్ని అమలుచేసే మనిషెవరూ అక్కడ లేరు. నేల మీద గీత లేదు, టోకెన్ లేదు. వచ్చిన కార్లు చెట్టు నీడ ఎక్కడుంటే అక్కడ ఆగుతాయి. ఎవరు ముందొచ్చారో వచ్చినవాళ్లే గుర్తుపెట్టుకోవాలి. అయినా నేను చూసినంతలో చాలావరకు సవ్యంగానే నడుస్తోంది. గన్ తగిలించి టీకి పోయేవాళ్లు కాగితం మీద ఫోన్ నంబరు రాసి అద్దం వెనక పెడుతున్నారు. "అన్నా, ఎంతయింది?" అని అడిగితే "డెబ్బై రెండు. ఇంకో పది నిమిషాలు, తీసేస్తాలే" అని జవాబొస్తోంది. ఒకరి పేరు ఒకరికి తెలియని మనుషులు ఒక చిన్న రాజ్యాంగం రాసుకుని పాటిస్తున్నారు.

పాటించనివాళ్లూ ఉన్నారు. ఒకసారి ఒక కారు 97 శాతం దగ్గర నింపాదిగా నిండుతూ ఉంది, మనిషి లేడు, కాగితం లేదు. వెనక రెండు కార్లు. పాతరోజుల్లో బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపేవాళ్లు చూడండి, అలాంటిదే. అరగంటకి ఆయన భోజనం చేసి వచ్చాడు. ఎవరో గట్టిగానే అడిగితే ఆయనన్న మాట: "ఊరికే పెట్టుకుంటున్నానా? డబ్బు కడుతున్నా కదా." ఆ మాటలో ఒక సిద్ధాంతం ఉంది. ఆయన డబ్బు కట్టింది యూనిట్లకి. వెనకున్న ఇద్దరి అరగంటకి ఆయన కట్టిందేమీ లేదు, దానికి ధర పెట్టే మీటరూ అక్కడ లేదు. మీటరు కొలవనిది వస్తువే కాదన్నది ఆయన లెక్క.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే సంఘటన ఇంకోటి. క్యూలో మొదట ఒక టాక్సీ. డ్రైవరు గూడూరు మనిషి. అంతకుముందే నాతో అన్నాడు, "మీకు ముప్పావుగంటంటే ఒక టీ, రెండు వీడియోలు సార్. నాకైతే ఒక ట్రిప్పు పోయినట్టే." అతని వెనక ఇద్దరు, ఆ వెనక ఒక కుటుంబం. వాళ్లతో ఒక ముసలామె, షుగర్ పేషెంటు, ఎండకి సోలిపోయి ఉంది. టాక్సీ అతను వాళ్ల దగ్గరికెళ్లి "పెద్దామె ఉండాది, మీరు ముందు పెట్టుకోండి, నేను ఆగుతా" అన్నాడు. మంచి పనే కదా. కానీ మధ్యలో ఉన్న ఒకాయన అడ్డుపడ్డాడు. "నువ్విచ్చేది నీ వంతయితే ఇచ్చుకో. వాళ్లు నీ చోట్లోకి వస్తే నువ్వు వాళ్ల చోట్లోకి పోవాల. నువ్వు ముందే ఉండి వాళ్లనీ ముందుకి పిలిస్తే, నువ్విచ్చేది మా వంతు కూడా."

విన్న క్షణంలో కటువుగా అనిపించే మాట. కానీ అందులో తర్కం తిరుగులేనిది. దయ చూపించేవాడు తన జేబులోంచి ఇవ్వాలి. పక్కవాళ్ల జేబులోంచి తీసిచ్చి పేరు తను తెచ్చుకోకూడదు. టాక్సీ అతను ఒక్క క్షణం ఆలోచించి, కారు తీసుకెళ్లి కుటుంబం ఉన్న చివరి చోట్లో పెట్టాడు. దాదాపు రెండు గంటలు పోయాయి అతనికి. అడ్డుపడ్డాయన తర్వాత అతనికి టీ ఇప్పించాడు. న్యాయం ఏమిటో ఒకరు చెప్పారు, దయ ఏమిటో ఇంకొకరు చూపించారు. రెండూ ఉంటే తప్ప ఆ మధ్యాహ్నం సరిగ్గా గడిచేది కాదు.

క్యూల గురించి గణితం ఉంది. డెన్మార్క్‌లో టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే ఆయన 1909లో ఆ శాస్త్రానికి పునాది వేశాడు. ఎన్ని ఫోన్లొస్తే ఎన్ని లైన్లుండాలి, సగటున ఎంతసేపు ఆగాలి అన్నవి ఆ లెక్కలు చెబుతాయి. ఎవరు ఆగాలి అన్నది చెప్పవు. మా సాఫ్ట్‌వేర్ వృత్తిలోనూ ఈ సమస్య రోజూ ఉంటుంది: ఒకే ప్రాసెసర్, వంద పనులు. ముందొచ్చినదాన్ని ముందు చెయ్యడం తేలిక పద్ధతి, ఎవరి ముఖమూ చూడదు కనక నిష్పక్షపాతం కూడా. కాని అది అవసరాన్నీ చూడదు. పోనీ అత్యవసరమైనవి ముందు చేద్దామంటే, అత్యవసరాలు వస్తూనే ఉంటాయి, చిన్న పని ఒకటి ఎప్పటికీ వంతు రాకుండా మూలన పడి ఉంటుంది. దానికి మా పాఠ్యపుస్తకాల్లో పేరు స్టార్వేషన్, అంటే ఆకలిచావు. వ్యవస్థ నియమాల ప్రకారమే నడుస్తుంటుంది, ఎవరూ తప్పు చేసి ఉండరు, ఒకరు మాత్రం ఆకలితో పోతుంటారు.

ఈ చార్జింగ్ స్టేషన్ రాజ్యాంగం ఎందుకు నడుస్తోందంటే నాకు రెండు కారణాలు కనిపిస్తాయి. ఆగేవాళ్లు ఒకరి ముఖం ఒకరికి కనిపిస్తుంది. పోయేది గంటో రెండు గంటలో తప్ప ప్రాణం కాదు. ఈ రెండూ లేకపోతే ఏమవుతుందో ఇదే కృష్ణపట్నం చూసింది. 2021 మే నెలలో ఆనందయ్య మందు కోసం ఆ చిన్న ఊరికి వేలమంది వచ్చిపడ్డారు. ఆక్సిజన్ పెట్టుకుని అంబులెన్సుల్లో కూడా వచ్చారు. జనాన్ని అదుపు చెయ్యలేక పంపిణీ ఆపాల్సొచ్చింది. నెలాఖరుకి ప్రభుత్వం షరతులతో అనుమతిచ్చింది. ఆ మందు కోవిడ్‌ని నయం చేస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు, ఆ చర్చ ఇక్కడ వద్దు. నేను చూస్తున్నది క్యూని. ప్రాణభయం ముందు వరస నిలబడదు. అక్కడ తోసుకున్నవాళ్లు చార్జింగ్ దగ్గర గన్ తీసిచ్చేవాళ్ల కంటే చెడ్డవాళ్లేం కాదు. వాళ్లు ఆగలేని పరిస్థితిలో ఉన్నారు, అంతే. మన మర్యాదలో కొంత భాగం మన సౌకర్యమే.

ఇంతవరకూ వంతు అంటే వరస. ఇక వాటా సంగతి.

ఆ స్టేషన్నుంచి తూర్పుగా, సముద్రం వైపు పోతే ముత్తుకూరు మండలం నేలటూరు దగ్గర పొగగొట్టాలు కనిపిస్తాయి. దామోదరం సంజీవయ్య పేరు పెట్టిన థర్మల్ విద్యుత్ కేంద్రం అది. 800 మెగావాట్లవి మూడు యూనిట్లు, మూడోదాన్ని 2022 అక్టోబరులో జాతికి అంకితం చేశారు. ఆ చుట్టుపక్కలే ముత్తుకూరు, తోటపల్లిగూడూరు, చిల్లకూరు మండలాల్లో మరికొన్ని ప్రైవేటు థర్మల్ కేంద్రాలున్నాయి. 2008లో మొదలైన పోర్టు పక్కనే ఉంది కాబట్టి బొగ్గు ఓడల్లో వచ్చి దిగుతుంది. దేశంలో ఎలక్ట్రిక్ కారుకి బొగ్గుతో ఇంత దగ్గరి చుట్టరికం ఉన్న చోట్లు తక్కువే ఉంటాయి.

ఒక లెక్క వేద్దాం. నా కారు లాంటిది ఆ స్టేషన్లో 30 యూనిట్లు ఎక్కించుకుంటే సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. మన దేశపు కరెంటులో దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గు నుంచే వస్తోంది. అంటే ఆ ముప్పైలో ఇరవైరెండు యూనిట్లు బొగ్గువి. యూనిట్‌కి ఇంచుమించు 700 గ్రాములనుకుంటే పదిహేను కిలోల బొగ్గు. దేశీయ బొగ్గులో మూడో వంతు దాకా బూడిదే ఉంటుంది, దిగుమతి బొగ్గులో తక్కువ. దేశీయ బొగ్గే అనుకుంటే ఐదు కిలోల బూడిద. నేను టీ తాగి, వీడియో చూసి, గన్ తీసేసి వెళ్లేలోపు ఐదు కిలోల బియ్యం సంచి బరువంత బూడిద ఎక్కడో ఒకచోట పడింది.

ఈ లెక్కని పట్టుకుని "ఎలక్ట్రిక్ కారు ఉత్త మోసం" అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ 30 యూనిట్ల మీద సగటున విడుదలయ్యే కార్బన్ డయాక్సైడ్ సుమారు 21 కిలోలు. లీటరుకి 15 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారు అదే దూరానికి 30 కిలోలు వదులుతుంది. ప్రసార నష్టాలు కలిపితే తేడా కొంచెం తగ్గినా, లాభం లాభమే. సోలార్, గాలి కరెంటు పెరిగే కొద్దీ అది పెరుగుతుంది కూడా. పెట్రోలు కారు ఎంత పాతబడినా శుభ్రపడదు.

నా ప్రశ్న మొత్తం ఎంతన్నది కాదు, ఎవరికెంత అన్నది. ఇంతకాలం చెన్నై మౌంట్ రోడ్డులో నా కారు వదిలిన పొగని చెన్నైవాళ్లతో పాటు నేనూ పీల్చాను. ఇప్పుడు ఆ పొగ అక్కడ తగ్గింది. నా కారుకి ఆకుపచ్చ నంబరు ప్లేటు వచ్చింది. బొగ్గు, బూడిద మాత్రం నేలటూరు లాంటి ఊళ్ల పక్కన మిగిలాయి. చార్జింగ్ క్యూలో వాళ్లు లేరు. వాళ్లకి వంతు రావడం లేదనడం కూడా తప్పు, ఎందుకంటే వాళ్లు అసలు నిలబడలేదు. వరసలో లేనివాళ్లకి వాటా మాత్రం పడింది.

దీనికి మూడు జవాబులు విన్నాను. మొదటిది: "ఆ ఊళ్లకీ కరెంటొస్తోంది, ఉద్యోగాలొచ్చాయి, భూములకి పరిహారమిచ్చారు." నిజమే. కానీ పరిహారం భూమికి, ఒక్కసారి. బూడిద ప్రతి రోజూ. రెండోది: "గ్రిడ్‌లో కరెంటంతా ఒకటే, నీ కారులోకి వచ్చింది ఏ కేంద్రానిదో ఎవరు చెప్పగలరు?" ఎవరూ చెప్పలేరు. చెరువులో నీళ్లలో ఏ చుక్క ఏ వాగుదో చెప్పలేం. అంతమాత్రాన చెరువు వాడుకున్నవాడికి చెరువుతో సంబంధం లేకుండా పోదు. మూడోది: "పెట్రోలు రిఫైనరీ మాత్రం ఎవరి ఊళ్లోనో లేదా?" ఉంది. పాత బాకీ ఉంది కనక కొత్త బాకీ లెక్క రాయక్కర్లేదనడం అప్పులవాళ్లు చెప్పే మాట.

చెరువు మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మన వైపు చెరువుల కింద, కాలవల కింద సేద్యం చేసిన ఊళ్లలో నీళ్లకి వంతులుండేవి. ఎవరి మడికి ఎప్పుడు వదలాలో నీరుగంటి చూసేవాడు. కాలవలో పూడిక పేరుకున్నప్పుడు ఆయకట్టువాళ్లందరూ తలా ఇంత పని చెయ్యాలి. కుడిమరామత్తు అనేవారు దాన్ని. మద్రాసు ప్రభుత్వం 1858లో ఆ ఆచారాన్ని చట్టంలోకి కూడా ఎక్కించింది. నీళ్ల వంతు తీసుకున్నవాడు మట్టి మొయ్యడంలో కూడా వంతు తీసుకోవాలన్నది సూత్రం. రెండర్థాలూ ఒకే ఖాతా. ఆ రోజులేవో బంగారు రోజులని నేనడం లేదు. పెద్దరైతు మడి ముందు తడిసేది, పార పట్టే మనిషి వేరే ఉండేవాడు, కాలవ చివర పొలాలు ఎండేవి. కానీ సూత్రం కళ్లెదురుగా ఉండేది. పెద్దరైతు తప్పించుకుంటే తప్పించుకున్నాడని ఊరికి తెలిసేది. ఇప్పుడు నీళ్లు తాగే మడి ఒక జిల్లాలో, పూడిక ఇంకో జిల్లాలో. తప్పించుకున్నామని మనకే తెలియదు.

మరి నా వంతు ఎంత? కారు అమ్మేసి నడిచిపోవడం జవాబు కాదు. నాకు తోచినవి రెండు.

ఒకటి ధర. గాలిలోకి పోయే గంధకాన్ని పట్టే యంత్రాలు థర్మల్ కేంద్రాలు పెట్టుకోవాలని కేంద్రం 2015 డిసెంబరులో నిబంధన తెచ్చింది. రెండేళ్ల గడువు పదే పదే వాయిదాపడి, 2025 జూలైలో చాలా కేంద్రాలకి మినహాయింపే వచ్చింది. మన బొగ్గులో గంధకం తక్కువ అన్నది ఒక వాదన, యూనిట్ ధర పెరుగుతుందన్నది ఇంకో వాదన. మొదటిదాన్ని శాస్త్రవేత్తలు తేల్చాలి. రెండోదాని గురించి మాత్రం చార్జర్ దగ్గర నిలబడ్డ మనిషి మాట్లాడొచ్చు. ముప్పావు గంటలో పనవుతుందంటే మనం యూనిట్‌కి ఇరవై రూపాయల దాకా కడుతున్నాం, ఇంట్లో కంటే చాలా ఎక్కువ. మన తొందరకి ఇంత కట్టగలిగినవాళ్లం, ఎవరి ఊపిరి కోసమో కొన్ని పైసలు ఎక్కువ కట్టలేమని మన తరఫున ఎవరు నిర్ణయించారు? ఆ పేదరికం సాకు మనకి నప్పదు. పేదల బిల్లు వేరు, ఫాస్ట్ చార్జర్ బిల్లు వేరు. రెండిటికీ ఒకే ధర పెంచక్కర్లేదు.

రెండోది వేళ. పగలు ఎండ ఉన్నప్పుడు గ్రిడ్‌లో సోలార్ ఎక్కువ, సాయంత్రం అయ్యేసరికి భారం బొగ్గు మీద పడుతుంది. అందుకే ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా చార్జింగ్ స్టేషన్లకి కరెంటు చవగ్గా, మిగతా వేళల్లో ఖరీదుగా ఇవ్వాలని కేంద్ర విద్యుత్ శాఖ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. గూడూరు టాక్సీ అతనికి వేళ ఎంచుకునే వీలు లేదు, ట్రిప్పు ఎప్పుడొస్తే అప్పుడే అతని వేళ. నాలాంటి వాడికి ఉంది. శనివారం పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం చార్జ్ చేసుకోవచ్చు. ఎంచుకోగలిగినవాడి వంతు ఎంచుకోలేనివాడి వంతు కంటే ఎక్కువ ఉండాలి. వాటాలు సమానంగా వెయ్యడం ఎప్పుడూ న్యాయం కాదని ఉమ్మడి కుటుంబాల్లో పెరిగినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఆ యంత్రం తెర మీద ఇప్పుడు ఎంత శాతం, ఎన్ని యూనిట్లు, ఎన్ని నిమిషాలు, ఎన్ని రూపాయలు అన్నవి కనిపిస్తాయి. ఇంకో అంకె కూడా పెట్టొచ్చు: ఈ గంటలో ఈ చార్జింగుకి ఎన్ని కిలోల బూడిద. గ్రిడ్‌లో ఏ వేళకి ఏ కరెంటు ఎంత ఉందో అధికారికంగా ప్రకటిస్తూనే ఉన్నారు కనక, ప్రోగ్రామర్‌గా చెబుతున్నాను, ఉజ్జాయింపుగా చూపించడం పెద్ద పనేం కాదు. వెనకున్నవాడి ముఖం చూసి ఎనభైకి గన్ తీసేస్తున్న మనుషులు వీళ్లు. కనిపించని ఊరు ఒక అంకెగానైనా కనిపిస్తే ఏం చేస్తారో చూడాలని ఉంది.